కీటకాల ఘ్రాణ నాడీమార్గంలో నిరోధక గ్రాహకాలు – సస్యరక్షణలో వాటి ప్రాముఖ్యం

సారాంశం

కీటకాలు ఆహారాన్ని, జోడును, గుడ్లు పెట్టే మొక్కను ప్రధానంగా వాసన ద్వారానే గుర్తిస్తాయి. మెదడులో వాసన సంకేతాలను మోసుకుపోయే నాడీకణాలు ఎంత ముఖ్యమో, ఆ సంకేతాలను అదుపు చేసే నిరోధక నాడీకణాలు కూడా అంతే ముఖ్యం. గాబా, గ్లుటమేట్, హిస్టమిన్ అనే రసాయనాలు ఈ అదుపును నిర్వహిస్తాయి. గాబా, గ్లుటమేట్‌లను అందుకునే క్లోరైడ్ మార్గ గ్రాహకాలే ఎండోసల్ఫాన్, ఫిప్రోనిల్, ఎమామెక్టిన్ బెంజోయేట్ వంటి కీటకనాశనులకు లక్ష్యాలు. ఈ గ్రాహకాల నిర్మాణం, ఘ్రాణ వ్యవస్థలో అవి చేసే పని, మందులను తట్టుకునే శక్తికి వాటితో గల సంబంధం, పరాగ సంపర్కం జరిపే తేనెటీగలపై ప్రాణాంతకం కాని మోతాదుల ప్రభావం ఈ వ్యాసంలో వివరించబడినవి.

ముఖ్య పదాలు: ఘ్రాణ లంబిక, గాబా గ్రాహకం, ఆర్.డి.ఎల్. ఉపప్రమాణం, ఫిప్రోనిల్, లింగాకర్షక బుట్టలు, తేనెటీగ

ఉపోద్ఘాతం

కంది చేనులో అమర్చిన లింగాకర్షక బుట్టలోకి శనగపచ్చ పురుగు మగ రెక్కల పురుగు వచ్చి పడుతుంది. పొద్దుతిరుగుడు పూతకు వచ్చిన చేనుకు తేనెటీగ ప్రతి ఉదయం తిరిగి వస్తుంది. ఈ రెండింటికీ మూలం ఒకే నాడీ వ్యవస్థ. గాలిలో ఎన్నో వాసనలు కలగలిసి ఉంటాయి. వాటిలో తనకు కావలసిన దానిని వేరు చేసి, అది ఏ దిక్కునుండి వస్తున్నదో తేల్చుకుని, గతంలో అక్కడ ఆహారం దొరికిందో లేదో గుర్తు తెచ్చుకోవటం కీటకానికి జీవన్మరణ సమస్య.

సంకేతాలను పంపే కణాలు మాత్రమే ఉంటే ఈ పని సాధ్యం కాదు. ఘాటైన వాసన తగిలినప్పుడు మెదడంతా ఒక్కసారిగా ఉత్తేజితమైతే ఒక వాసనకూ మరొక వాసనకూ తేడా మిగలదు. ఉత్తేజాన్ని తగిన చోట, తగిన క్షణంలో ఆపగల యంత్రాంగం కావాలి. ఆ యంత్రాంగానికి తలుపుల వంటివి నిరోధక గ్రాహకాలు. సస్యరక్షణలో వాడుతున్న కొన్ని ముఖ్యమైన మందులు సరిగ్గా ఈ తలుపుల మీదనే పనిచేస్తాయి. కనుక నాడీశాస్త్రానికి చెందినదిగా కనిపించే ఈ విషయం కీటకశాస్త్ర విద్యార్థులకు, విస్తరణ శాస్త్రవేత్తలకు కూడా అవసరమైనదే.

ఘ్రాణ నాడీమార్గ నిర్మాణం

కీటకాల స్పర్శశృంగాలపై ఉండే సూక్ష్మ రోమాలలో ఘ్రాణ గ్రాహక నాడీకణాలు ఉంటాయి. తేనెటీగ ఒక్కొక్క స్పర్శశృంగంలో వీటి సంఖ్య సుమారు 60,000. వీటి తంతువులు మెదడులోని ఘ్రాణ లంబికకు చేరి, అక్కడ గుండ్రని గుచ్ఛాలలో అంతమవుతాయి. తేనెటీగలో ఇటువంటి గుచ్ఛాలు సుమారు 160, పండ్ల ఈగ డ్రోసోఫిలాలో సుమారు 50 ఉంటాయి. పండ్ల ఈగలో ఒకే రకం గ్రాహక ప్రోటీన్ గల నాడీకణాలన్నీ ఒకే గుచ్ఛానికి చేరుతాయి. అందువలన ప్రతి వాసనకు ఏయే గుచ్ఛాలు ఎంత మేరకు ఉత్తేజితమయ్యాయన్నదే తొలి గుర్తు.

గుచ్ఛాలలో మూడు రకాల కణాలు కలుసుకుంటాయి. మొదటివి బయటనుండి వార్తను తెచ్చే గ్రాహక నాడీకణాలు. రెండవవి ఆ వార్తను మెదడు పై భాగాలకు చేర్చే ప్రక్షేపక నాడీకణాలు. మూడవవి ఘ్రాణ లంబికను దాటి పోకుండా గుచ్ఛాల మధ్యనే వ్యాపించే స్థానిక నాడీకణాలు. గాబాను విడుదల చేసే నిరోధక కణాలు అధికంగా ఈ మూడవ తరగతికి చెందినవి.

ప్రక్షేపక నాడీకణాల నుండి సంకేతాలు పుట్టగొడుగు ఆకారపు దేహాలకు చేరుతాయి. వాసనను అనుభవంతో ముడివేసి జ్ఞాపకంగా నిలిపే స్థానం ఇదే. మిడతలో సుమారు 830 ప్రక్షేపక నాడీకణాల వార్త, ఒక్కొక్క వైపు సుమారు 50,000 కెన్యన్ కణాలకు పంచబడుతుంది. ఇన్ని కణాలలో ఒక్కొక్క వాసనకు స్పందించేవి కొద్ది మాత్రమే. మిగిలిన వాటిని మౌనంగా ఉంచటంలో కూడా గాబాదే ప్రధాన పాత్ర. మిడతలో ఒకే ఒక భారీ గాబా నాడీకణం, పండ్ల ఈగలో దానికి సమానమైన మరొక కణం, కెన్యన్ కణాలన్నింటినీ ఒకేసారి అదుపు చేస్తాయి.

నిరోధక గ్రాహకాల రకాలు

1. గాబా–ఎ తరహా గ్రాహకం: ఇది ఐదు ఉపప్రమాణాలు వలయంగా కూడి ఏర్పడిన ప్రోటీన్. మధ్యలో క్లోరైడ్ అయాన్లు ప్రయాణించే రంధ్రం ఉంటుంది. గాబా వచ్చి చేరగానే రంధ్రం తెరుచుకుని, రుణావేశం గల క్లోరైడ్ అయాన్లు కణంలోకి ప్రవేశిస్తాయి. ఫలితంగా ఆ కణం ఉత్తేజితం కావటం కష్టమవుతుంది. ఇదంతా మిల్లీసెకన్లలో జరిగిపోతుంది. కీటకాలలో ఈ గ్రాహకంలోని ముఖ్య ఉపప్రమాణానికి ఆర్.డి.ఎల్. అని పేరు. డీల్డ్రిన్ మందును తట్టుకున్న పండ్ల ఈగలలో దీని జన్యువు గుర్తించబడినందున ఆ పేరు వచ్చింది.

2. గాబా–బి గ్రాహకం: దీనిలో రంధ్రం ఉండదు. జి–ప్రోటీన్ ద్వారా పనిచేసి పొటాషియం మార్గాలను తెరుస్తుంది. నాడీ అంత్యాలలో కాల్షియం ప్రవేశాన్ని తగ్గిస్తుంది. దీని ప్రభావం నిదానంగా మొదలై ఎక్కువసేపు నిలుస్తుంది. గ్రాహక నాడీకణాల అంత్యాల మీద ఉండి, అవి విడుదల చేసే రసాయన పరిమాణాన్ని తగ్గించటం దీని ప్రత్యేకత.

3. గ్లుటమేట్ క్లోరైడ్ మార్గం: క్షీరదాలలో గ్లుటమేట్ ప్రధానంగా ఉత్తేజక రసాయనం. కీటకాలలో మాత్రం క్లోరైడ్ మార్గాన్ని తెరిచి నిరోధకంగా కూడా పనిచేస్తుంది. డ్రోసోఫిలా ఘ్రాణ లంబికలో కొన్ని స్థానిక నాడీకణాలు గ్లుటమేట్‌ను ఈ విధంగా వాడుకుంటాయని లియు, విల్సన్ 2013లో నిరూపించారు. క్షీరదాలలో ఈ మార్గం లేదు.

4. హిస్టమిన్ క్లోరైడ్ మార్గం: తేనెటీగ ఘ్రాణ లంబికలో కొద్ది సంఖ్యలో గల హిస్టమిన్ నాడీకణాలు కూడా నిరోధాన్ని కలిగిస్తాయి.

ఈ రకాలు ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. వేగంగా పనిచేసేవి వాసన తగిలిన తొలి క్షణాలలో సంకేతాన్ని చక్కదిద్దుతాయి. నిదానంగా పనిచేసేవి వాసన గాఢత పెరిగినప్పుడు మొత్తం ధ్వనిని తగ్గించే మీట వలె ఉపకరిస్తాయి.

నిరోధం లోపించినప్పుడు

ఏ భాగం ఏ పని చేస్తుందో తెలుసుకోవటానికి దానిని తాత్కాలికంగా ఆపి చూడటం జీవశాస్త్రంలో పాత పద్ధతి. గాబా–ఎ తరహా గ్రాహకాలను ఆపటానికి పరిశోధకులు వాడే పిక్రోటాక్సిన్ మన దేశపు మొక్క నుండే లభిస్తుంది. చేపలను మత్తెక్కించి పట్టటానికి వాడుకలో ఉన్న కాకమారి గింజలలోని విషపదార్థం ఇదే.

మిడత ఘ్రాణ లంబికలో వాసన తగిలినప్పుడు ప్రక్షేపక నాడీకణాలు సెకనుకు సుమారు 20 పర్యాయాలు కలిసికట్టుగా స్పందిస్తాయి. పిక్రోటాక్సిన్ ప్రయోగించినప్పుడు ఈ లయ చెదిరిపోయిందని మెక్లియోడ్, లారాన్ 1996లో చూపారు. కణాలు వాసనకు స్పందించటం మానలేదు. కలిసి స్పందించటం మాత్రమే మానాయి.

ఈ లయ వలన కీటకానికి ప్రయోజనం ఏమిటన్న ప్రశ్నకు 1997లో స్టాప్‌ఫర్, లారాన్ బృందం తేనెటీగలతో సమాధానం రాబట్టింది. ఘ్రాణ లంబికపై పిక్రోటాక్సిన్ వేసిన తేనెటీగలు వాసనను నేర్చుకోగలిగాయి. బాగా భిన్నమైన వాసనలను వేరు చేయగలిగాయి. కానీ రసాయనికంగా దగ్గరి పోలిక గల ఆల్కహాలుల వాసనల మధ్య తేడాను కనుగొనలేకపోయాయి. పండ్ల ఈగలో కెన్యన్ కణాలను అదుపు చేసే గాబా నాడీకణాన్ని ఆపినప్పుడు కూడా ఇదే తరహా ఫలితం 2014లో వెల్లడైంది. దీనినిబట్టి నిరోధం లోపించిన కీటకం వాసన కోల్పోదు. సూక్ష్మ వివేచనను కోల్పోతుంది. ఈ తేడా గుర్తుంచుకోదగినది. పైకి ఆరోగ్యంగా, చురుకుగా కనిపించే తేనెటీగలో ఈ లోపాన్ని కంటితో పట్టుకోవటం సాధ్యం కాదు.

మగ రెక్కల పురుగులలో ఇది మరొక రూపంలో కనిపిస్తుంది. ఆడ పురుగు విడుదల చేసే లింగాకర్షక రసాయనం గాలిలో అవిచ్ఛిన్నమైన ధారగా కాక, తునకలు తునకలుగా వ్యాపిస్తుంది. ఒక తునకకు, తరువాతి తునకకు మధ్య గల విరామాన్ని గుర్తించగలిగితేనే మగ పురుగు గాలికి ఎదురుగా ఎగిరి ఆడ పురుగును చేరుతుంది. పొగాకు జాతి మొక్కలను ఆశించే మాండూకా సెక్స్‌టా పురుగులో, లింగాకర్షక సంకేతాలను అందుకునే గుచ్ఛాలలో గాబా–ఎ తరహా గ్రాహకాలను ఆపినప్పుడు నాడీకణాలు ఈ విరామాలను గుర్తించలేకపోయాయి. పురుగులు మూలాన్ని చేరటంలో విఫలమయ్యాయి.

గాబా–బి గ్రాహకాల పంపిణీలోనూ ఒక క్రమం ఉన్నది. డ్రోసోఫిలాలో లింగాకర్షక వాసనను అందుకునే నాడీకణాలపై ఈ గ్రాహకాలు అధికం. కార్బన్ డై ఆక్సైడ్‌ను అందుకునే నాడీకణాలపై ఈ అదుపు దాదాపు లేదు. అపాయాన్ని సూచించే వాసనను తగ్గించి చూపటం ప్రాణి మనుగడకు మంచిది కాదు. జోడును వెతికేటప్పుడు మాత్రం దూరం తగ్గేకొద్దీ పెరిగే గాఢతను కొలవటానికి అదుపు తప్పనిసరి.

వాసనకు అలవాటు పడటం

ఒకే వాసనలో ఎక్కువసేపు గడిపిన కీటకం దానిని పట్టించుకోవటం మానుతుంది. దీనికి స్పర్శశృంగాలు అలసిపోవటం ఒక్కటే కారణం కాదు. డ్రోసోఫిలాపై మన దేశంలో ఒబైద్ సిద్దిఖీ, వెరోనికా రోడ్రిగ్స్ 1970 దశకంలో ప్రారంభించిన ఘ్రాణ పరిశోధన సంప్రదాయం ఈ విషయంలో ముఖ్యమైన ఫలితాన్ని ఇచ్చింది. రోడ్రిగ్స్, రామస్వామి బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, అలవాటు పడిన ఈగలలో గాబా స్థానిక నాడీకణాల నుండి ప్రక్షేపక నాడీకణాలకు చేరే నిరోధం బలపడుతుందని తేలింది. అనగా అలవాటు పడటం మరపు కాదు. మెదడు నేర్చుకున్న మౌనం.

పత్తిలో గులాబీ రంగు కాయతొలుచు పురుగుపై వాడే జతకలయిక అంతరాయ పద్ధతిని అర్థం చేసుకోవటానికి ఈ ఫలితం తోడ్పడుతుంది. చేను నిండా లింగాకర్షక రసాయనాన్ని వ్యాపింపజేసినప్పుడు మగ పురుగులు తప్పుడు జాడల వెంట పోవటం, అసలు జాడ మరుగున పడటం, స్పర్శశృంగాల స్పందన తగ్గటం, మెదడు అలవాటు పడటం అనే నాలుగు మార్గాలలో ఫలితం రావచ్చు. ఈగలలో నిరూపితమైన విషయాన్ని యథాతథంగా రెక్కల పురుగులకు అన్వయించటం తగదు. అయినా నాలుగవ మార్గం వెనుక గల నాడీ యంత్రాంగం ఎటువంటిదో ఈ పరిశోధన సూచిస్తున్నది.

క్షీరదాలతో పోలిక

ఈ ఏర్పాటు కీటకాలకే పరిమితం కాదు. క్షీరదాల ఘ్రాణ కందంలో గ్రాన్యూల్ కణాలు గాబాను విడుదల చేసి మిట్రల్ కణాలను అదుపు చేస్తాయి. గొర్రెలలో ఈనిన కొద్ది గంటలలోనే తల్లి తన పిల్ల వాసనను గుర్తుంచుకుని, ఇతర పిల్లలను దగ్గరకు రానీయదు. ఈత సమయంలో ఘ్రాణ కందంలో గాబా, గ్లుటమేట్ విడుదలలో మార్పు వచ్చి, పిల్ల వాసనకు స్పందించే కణాల సంఖ్య పెరుగుతుందని కెండ్రిక్, కెవెర్న్ తదితరులు 1992లో చూపారు. తల్లి లేని పిల్లను అప్పుడే ఈనిన మరొక తల్లికి అలవాటు చేయటానికి ఉమ్మనీటితో తడపటమనే కాపరుల పద్ధతికి శాస్త్రీయ పునాది ఇక్కడే ఉన్నది. ఇంత పోలిక ఉన్నా కీటకాల ఆర్.డి.ఎల్. గ్రాహకానికి, క్షీరదాల గాబా–ఎ గ్రాహకానికి ఉపప్రమాణాల కూర్పులో తేడా ఉన్నది. ఫిప్రోనిల్ వంటి మందులు కీటకాలపై ఎక్కువగా, క్షీరదాలపై తక్కువగా పనిచేయటానికి ఈ తేడాయే ప్రధాన కారణం.

కీటకనాశనుల లక్ష్యాలుగా నిరోధక గ్రాహకాలు

కీటకనాశనుల చర్యా విధానాన్ని బట్టి చేసిన అంతర్జాతీయ వర్గీకరణలో క్లోరైడ్ మార్గాలపై పనిచేసేవి ఈ కింది విధంగా ఉన్నాయి.

2ఎ వర్గం – సైక్లోడయీన్లు (ఎండోసల్ఫాన్): గాబా గ్రాహక రంధ్రాన్ని మూసివేస్తాయి. మన దేశంలో ఎండోసల్ఫాన్ ఉత్పత్తి, అమ్మకం, వాడకాలను 2011 మే నెలలో సుప్రీంకోర్టు నిలిపివేసింది.

2బి వర్గం – ఫినైల్ పైరజోల్‌లు (ఫిప్రోనిల్): ఇవి కూడా రంధ్రాన్నే మూసివేస్తాయి. ఫిప్రోనిల్ గ్లుటమేట్ క్లోరైడ్ మార్గాన్ని కూడా అడ్డుకుంటుంది.

30వ వర్గం – బ్రోఫ్లానిలైడ్, ఫ్లక్సామెటమైడ్, ఐసోసైక్లోసెరమ్: ఇవి గాబా గ్రాహకంపైనే పనిచేసినా రంధ్రంలో కాక, ఉపప్రమాణాల మధ్య గల వేరొక స్థానంలో చేరుతాయి.

6వ వర్గం – అబామెక్టిన్, ఎమామెక్టిన్ బెంజోయేట్: ఇవి పై వాటికి భిన్నంగా గ్లుటమేట్ క్లోరైడ్ మార్గాన్ని తెరిచి ఉంచుతాయి. నాడులు, కండరాలు స్పందన కోల్పోయి పురుగు పక్షవాతానికి గురై మేత మానుతుంది.

మొదటి మూడు వర్గాల మందులు సోకిన కీటకం వణుకుతూ, గిలగిలలాడి చనిపోతుంది. అదుపు తొలగిన నాడులు విరామం లేకుండా ఉత్తేజితం కావటమే దీనికి కారణం. నాలుగవ దానిలో నిరోధం మితిమీరి పురుగు నిశ్చేష్టమవుతుంది. తలుపు మూసుకుపోయినా, తెరుచుకుని ఉండిపోయినా చివరి ఫలితం మరణమే.

మందులను తట్టుకునే శక్తి

ఫ్రెంచ్–కాన్‌స్టంట్ బృందం 1993లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో మైలురాయి. ఆర్.డి.ఎల్. ఉపప్రమాణంలో 302వ స్థానంలో అలనైన్‌కు బదులు సెరీన్ అనే అమైనో ఆమ్లం వచ్చినంత మాత్రాన పండ్ల ఈగ డీల్డ్రిన్‌ను తట్టుకోగలిగింది. ఆ స్థానం సరిగ్గా రంధ్రం లోపలి గోడలో ఉన్నది. న్యూ కాలెడోనియాలో ఎండోసల్ఫాన్‌ను తట్టుకున్న కాఫీ కాయతొలుచు పురుగులో కూడా అదే మార్పు కనిపించింది. వరిని ఆశించే దోమల్లో ఫిప్రోనిల్‌ను తట్టుకున్న జనాభాలలో ఈ స్థానంలోనే సెరీన్ లేదా ఆస్పరజీన్ వచ్చినట్లు పరిశోధనలు తెలిపాయి.

దీని నుండి రెండు పాఠాలు గ్రహించాలి. ఒకటి, వ్యాపార నామం వేరైనా, రసాయన కుటుంబం వేరైనా, చేరే స్థానం ఒకటే అయితే ఒక మందును తట్టుకున్న పురుగు రెండవదానిని కూడా కొంత మేరకు తట్టుకోవచ్చు. రెండు, 30వ వర్గం మందులు చేరే స్థానం వేరు కనుక 302వ స్థానపు మార్పు వాటి పనిని అంతగా అడ్డుకోదు. అయితే ఆ స్థానంలోనూ మార్పులు రావటానికి అవకాశం ఉన్నది. ఒక మందు బాగా పనిచేసిందని దానినే వరుసగా వాడితే ఈ వెసులుబాటు కూడా చేజారుతుంది.

తేనెటీగపై ప్రాణాంతకం కాని మోతాదు

పురుగు మెదడులోని తలుపు, తేనెటీగ మెదడులోని తలుపు దాదాపు ఒకటే. తేనెటీగ ఘ్రాణ లంబిక నుండి వేరు చేసి పెంచిన నాడీకణాలలో గాబా వలన క్లోరైడ్ ప్రవాహం కలగటం 2005లో నమోదైంది. తేనెటీగలకు ఫిప్రోనిల్ అత్యంత విషపూరితం. సగం తేనెటీగలను చంపే మోతాదు ఒక్కొక్క దానికి సుమారు 4 నుండి 6 నానోగ్రాములు మాత్రమే. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. 2005లో ఎల్ హసాని తదితరులు జరిపిన ప్రయోగంలో తేనెటీగ వక్షంపై 0.5 నానోగ్రాము ఫిప్రోనిల్ సోకినప్పుడు వాసనను నేర్చుకునే శక్తి తగ్గింది. ఆ మోతాదుకు తేనెటీగ చనిపోదు.

మందు చల్లిన మరునాడు తేనెపట్టె ముందు చనిపోయిన తేనెటీగలు కనిపించకపోతే నష్టం జరగలేదని భావించటం పరిపాటి. కానీ పూల వాసనను నేర్చుకోలేని తేనెటీగకు పంట పూవును గుర్తుంచుకుని తిరిగి రావటం కష్టమవుతుంది. పరపరాగ సంపర్కంపై ఆధారపడిన పొద్దుతిరుగుడు, దోస జాతి కూరగాయలు, ఉల్లి విత్తనోత్పత్తి వంటి వాటిలో ఈ నష్టం తాలు గింజలుగా, కుదురుకోని కాయలుగా రైతుకు ఎదురవుతుంది. కారణం మాత్రం వాతావరణానికో, విత్తనానికో ఆపాదించబడుతుంది. ఐరోపా సమాఖ్య 2013లో ఫిప్రోనిల్‌తో విత్తనశుద్ధిపై ఆంక్షలు విధించటానికి తేనెటీగలకు గల ముప్పే కారణం.

విద్యార్థులకు అందుబాటులోని పరీక్ష

వాసన నేర్చుకునే శక్తిని కొలవటానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. తేనెటీగను మంచుపై కొద్దిసేపు చల్లబరిచి, తల మాత్రం బయటకు ఉండేలా చిన్న గొట్టంలో అమర్చాలి. స్పర్శశృంగానికి చక్కెర ద్రావణం తాకిస్తే అది నాలుకను చాస్తుంది. ముందుగా కొన్ని సెకన్లపాటు ఒక వాసనను అందించి, ఆ వాసన ఉండగానే చక్కెర ద్రావణం ఇవ్వాలి. సుమారు 10 నిమిషాల విరామంతో ఇలా మూడు నుండి ఐదు పర్యాయాలు చేస్తే, తరువాత వాసన ఒక్కదానికే నాలుక చాపుతుంది. మందు సోకిన, సోకని తేనెటీగల మధ్య ఈ స్పందన శాతాన్ని పోల్చవచ్చు. రెండు దగ్గరి వాసనలను, రెండు భిన్నమైన వాసనలను విడివిడిగా పరీక్షించటం తప్పనిసరి. నిరోధక గ్రాహకాలపై పనిచేసే మందు విషయంలో తేడా ముందుగా దగ్గరి వాసనలలోనే బయటపడే అవకాశం ఉన్నది. అలాగే చక్కెరకు నాలుక చాపే స్పందన యథాతథంగా ఉన్నదో లేదో కూడా విడిగా చూడాలి. లేనిచో ఆకలి మందగించటాన్ని జ్ఞాపక లోపంగా పొరబడే ప్రమాదం ఉన్నది.

విస్తరణ సిబ్బంది గమనించవలసిన అంశాలు

1. పూత దశలో ఉన్న, తేనెటీగలు వాలుతున్న పంటలపై ఫిప్రోనిల్ పిచికారీని సిఫార్సు చేయరాదు. చుట్టుపక్కల చేలు పూత మీద ఉన్నాయేమో కూడా చూడాలి.

2. ఇతర మందుల పిచికారీ తప్పనిసరి అయినప్పుడు తేనెటీగల సంచారం ముగిసిన సాయంత్రం వేళను ఎంచుకోవాలి. ఫిప్రోనిల్ మార్పు చెందగా ఏర్పడే సల్ఫోన్ వంటి పదార్థాలు కూడా విషపూరితాలే కనుక సాయంత్రం పిచికారీ ఒక్కటే పూర్తి రక్షణ అని చెప్పరాదు.

3. మందులను మార్చి వాడమని చెప్పేటప్పుడు వ్యాపార నామం కాక, సీసాపై ముద్రించిన వర్గ సంఖ్యను చూపాలి. ఒకే వర్గానికి చెందిన రెండు మందులను ఒకదాని తరువాత ఒకటి వాడటం మార్పిడి కాదు.

4. లింగాకర్షక బుట్టలలో ఒక పురుగుకు సంబంధించిన ఎరను తాకిన చేతులతో మరొక పురుగు ఎరను తాకరాదు. మగ పురుగు రసాయనాల నిష్పత్తిని అతి సూక్ష్మంగా వేరు చేయగలదు. కలుషితమైన ఎరకు అది రాకపోవచ్చు.

5. తేనెటీగలకు కలిగే హానిని మరణాల లెక్కతో మాత్రమే అంచనా వేయరాదు. తిరిగి వచ్చే తేనెటీగల సంఖ్య, పూలపై వాలే సంఖ్య, గింజ కట్టిన శాతం కూడా నమోదు చేయాలి.

ముగింపు

వాసనను గుర్తించటంలో మాట ఎంత అవసరమో, మౌనం కూడా అంతే అవసరం. ఆ మౌనాన్ని పాటింపజేసే గ్రాహకాలు పురుగుకూ, తేనెటీగకూ ఉమ్మడి ఆస్తి. వాటిపై పనిచేసే మందు చేలో ఏ కీటకం మిత్రుడో, ఏది శత్రువో ఎంచదు. ఆ విచక్షణ దానిని సిఫార్సు చేసేవారిదే. ఏ పంటపై, ఏ దశలో, ఏ వేళలో, ఏ వర్గం మందు అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం తెలిసిన తరువాతనే సిఫార్సు వెలువడాలి. మన ప్రాంతపు తేనెటీగ జాతులపై, ముఖ్యంగా పుట్ట తేనెటీగపై, ప్రాణాంతకం కాని మోతాదుల పరీక్షలను వ్యవసాయ కళాశాలల ప్రయోగశాలల్లో చేపడితే ఈ సిఫార్సులకు స్థానికమైన బలం చేకూరుతుంది.